కప్పు కాఫీ: ఎవరు ఎవరికి బాకీ?

జలదంకి టీ అంగట్లో కూలీకి పద్దు ఉంటుంది. పట్నం కాఫీ షాపులో ఉద్యోగస్తుడికి కార్డు ఉంటుంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడమంటే మనవాళ్లు నవ్వారు. "ఆ షాపుల సంగతి మనకెందుకన్నా? ఆ కప్పు రేటు పెడితే మా ఇంట్లో రెండు రోజుల కూరగాయలు గడుస్తాయి" అని ఒక అక్క తేల్చేసింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. అయితే ఆ కాఫీ లెక్క విప్పి చూస్తే మన టీ లెక్క బాగా బోధపడుతుంది గనుక ఈసారి దాని గురించే రాస్తున్నాను.

ముందు ధర సంగతి. 2024లో బ్రెజిల్లోనూ, వియత్నాంలోనూ వర్షాలు లేక కాఫీ తోటలు దెబ్బతిన్నాయి. ప్రపంచానికి కాఫీ గింజలు ఎక్కువగా పంపేది ఆ రెండు దేశాలే. సరుకు తగ్గుతుందన్న మాట పుట్టీపుట్టగానే బేరగాళ్లు దిగారు. 2024 మొదట్లో న్యూయార్కు మార్కెట్టులో పౌను అరబికా గింజల ధర రెండు డాలర్ల లోపు. 2025 ఫిబ్రవరికి నాలుగు డాలర్లు దాటింది. కంపెనీలన్నీ ఒకే పాట ఎత్తుకున్నాయి: "గింజల ధర పెరిగింది, మేమేం చేస్తాం, కప్పు ధర పెంచక తప్పదు" అని.

లెక్క వేద్దాం. పౌనుకి నాలుగు డాలర్లంటే మన డబ్బుల్లో కిలో సుమారు 770 రూపాయలు. వేయించితే గింజ బరువు తగ్గుతుంది. పెద్ద కప్పు ఒకదానికి 18 గ్రాముల పొడి వేశారనుకున్నా, పచ్చి గింజల ఖరీదు 17 రూపాయలకు మించదు. అంతకు ముందు సంవత్సరం అదే ఎనిమిది రూపాయలు. అంటే ప్రపంచమంతా గగ్గోలు పెట్టిన ఆ పెరుగుదల కప్పుకి తొమ్మిది రూపాయలు! రెండు వందలకు పైబడి అమ్మే కప్పులో తక్కినదంతా ఏమిటి? గది బాడుగ, పాలు, కరెంటు, ప్రచారం, లాభం. చివర ఎక్కడో ఆ కప్పు అందించే కుర్రవాడి జీతం.

ఇక గింజ పండించేవాడి మాట. మన రాష్ట్రంలో కాఫీ అంటే అరకు, పాడేరు కొండలు. పండించేది గిరిజనులు. 2017లో అరకు పేరుతో పారిస్ నగరంలోనే అంగడి తెరిచారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు పారిస్ దాకా పోయింది, సంతోషమే. కానీ మార్కెట్టు పైకెగిరిన ఆ 2025లోనే అరకు తోటల్లోకి కాయతొలుచు పురుగు దిగింది. పురుగు పట్టిన కాయలు కోసి నాశనం చేయాల్సి వచ్చింది. ధర ఉన్న ఏడు పంట ఉండదు, పంట ఉన్న ఏడు ధర ఉండదు. కలిగిరి వేలం కేంద్రానికి పొగాకు తోలిన మన రైతులకి ఈ ముక్క వేరే చెప్పాలా?

ఇంత ధర పెట్టి జనం ఎందుకు తాగుతున్నారు? ఇక్కడే కార్డు వస్తుంది. కంపెనీలు దీనికి పెట్టిన పేరు 'లాయల్టీ'. మన మాటలో విశ్వాసం. కొన్నప్పుడల్లా చుక్కలు ఇస్తారు, కొన్ని చుక్కలు పోగైతే ఒక కప్పు ఉచితం. స్టార్‌బక్స్ కంపెనీ అమెరికాలో 50 చుక్కలకి ఇచ్చే వేడి కాఫీని 2023 ఫిబ్రవరిలో 100 చుక్కలు చేసింది. ధరల పట్టీ మీద అంకె మారలేదు, ఉచితం మాత్రం రెట్టింపు ప్రియమైంది. విశ్వాసంగా ఉన్నవాడికి దక్కిన బహుమానం అదీ!

దీనికంటే గమ్మత్తు ఇంకొకటుంది. కార్డులో ముందే డబ్బు వేసి పెట్టుకోమంటారు. అట్లా జనం ముందుగా కట్టి ఇంకా వాడుకోని సొమ్ము ఆ ఒక్క కంపెనీ దగ్గరే 150 కోట్ల డాలర్లకు పైగా ఉంది. వడ్డీ లేదు, తాకట్టు లేదు. అందులో కొంత ఎవరూ వాడుకోరని లెక్కగట్టి 2023లోనూ, 2024లోనూ ఏటా 20 కోట్ల డాలర్లకు అటూ ఇటుగా తన ఆదాయంలో కలిపేసుకుంది. బ్యాంకువాడు కూడా మన డబ్బు పెట్టుకుంటే ఎంతో కొంత వడ్డీ ఇస్తాడు గదా! ఈ మోస్తరు బ్యాంకు నేనెక్కడా చూడలేదు.

అంటే అక్కడ కొనేవాడు కంపెనీకి అప్పిస్తున్నాడు. మన దగ్గర అంగడివాడు కొనేవాడికి అప్పిస్తున్నాడు.

మన పద్దు సంగతి చూడండి. టీ ఐదు రూపాయలున్న రోజులు మొన్నటివే. ఇప్పుడు పది. గ్లాసు పోయి కాగితం కప్పు వచ్చింది, అది మూడు గుక్కలు. అంగడివాణ్ణి తిట్టి లాభం లేదు. పాలు, పంచదార, గ్యాసు వాడి చేతిలో లేవు. తెల్లవారుజామున నాలుగు గంటలకి పొయ్యి వెలిగించే వాడూ మనలాంటి కష్టజీవే. కానీ చేతిలో డబ్బు లేని నెలల్లో వాడు "రాసుకుంటాలే అబ్బయా, తాగు" అంటాడు. ఆ మాట ఎంత తియ్యనిదో అంత గట్టి ముడి. పద్దు ఉన్నవాడు ఇంకో అంగడికి పోలేడు. కప్పు చిన్నదైందని అడగలేడు. రాసిన లెక్క సరిచూసుకునేవాడు పదిమందిలో ఒకడు.

ఆ పద్దు మేస్త్రి చేతికి పోయిందంటే కథ మారుతుంది. "నీ టీ బాకీ నేను కట్టాను గదా, నాట్లకి నా జట్టులోనే రావాలి" అంటాడు. రేటు కూడా అతడు చెప్పిందే. ఆరేడు వందల టీ బాకీకి సీజనంతా కూలి రేటు తాకట్టు పడుతుంది. ఆ షాపుల కార్డుకి ఇంత బలం లేదు.

ఉపాధి హామీ కూలి మన రాష్ట్రానికి 2024-25లో 300 రూపాయలు, 2025-26లో 307. ఏడాదికి పెరిగింది ఏడు రూపాయలు. ఆ పెరిగిన సొమ్ముతో రోజుకి ఒక టీ కూడా రాదు!

విశ్వాసం గురించి ఇంకొక మాట. తెలుగునేల మీద చాలా ఊళ్లల్లో దళితుడికి వేరే గ్లాసు పెట్టి టీ పోశారు. డబ్బు అదే, గ్లాసు వేరు. తాగినవాడే కడిగి పెట్టాలి. 1955 చట్టం దీన్ని నేరమన్నది. ఎన్నో ఊళ్లల్లో సంఘాలు పట్టుబట్టి మాన్పించాయి. కొన్నిచోట్ల మాత్రం చట్టమూ కాదు, మనసు మారడమూ కాదు, వాడి పారేసే కప్పు రావడం వల్ల ఆ గొడవ మాసిపోయింది. గ్లాసు పోయిన చోట బల్ల మిగిలింది. ఎవరు కూర్చుంటున్నారో, ఎవరు నిలబడి తాగుతున్నారో చూసుకోండి.

కొనేవాళ్లు కలిసి నిలబడితే ఏమవుతుందో మనకి పైవాళ్లు నేర్పనక్కరలేదు. పక్కనే కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. 1992లో అది జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. ప్రభుత్వానికి అంతటి విశ్వాసపాత్రులైన ఖాతాదారులు మరొకరు లేరు, వాళ్ల ఇళ్లల్లోంచే దెబ్బ తగిలింది.

అమ్మేవాళ్లు కలిస్తే ఏమవుతుందో కాఫీ చరిత్రలోనే ఉంది. 1950ల్లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేసి పనివాళ్లని వీధిలోకి నెట్టింది. ఎ.కె. గోపాలన్ చొరవతో ఆ పనివాళ్లే సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1957 ఆగస్టులో బెంగళూరులో మొదటి సంఘం, అక్టోబరులో ఢిల్లీలో మొదటి ఇండియన్ కాఫీ హౌస్. తలపాగా పెట్టుకుని కప్పు అందించే మనిషికే అంగడిలో భాగం. అక్కడా ధరలు పెరిగాయి, నష్టాలొచ్చాయి, కొన్ని మూతపడ్డాయి. సహకార సంఘమనగానే స్వర్గమేమీ కాదు. కానీ చుక్కలూ కార్డులూ లేకుండానే ఒకే బల్ల దగ్గర నలభై ఏళ్లు కాఫీ తాగినవాళ్లు ఆ హౌసుల్లో ఉన్నారు. అమెరికాలో స్టార్‌బక్స్ పనివాళ్లు కూడా 2021 డిసెంబరులో బఫెలో నగరంలో ఓటు వేసి సంఘం పెట్టుకున్నారు. తర్వాత అది వందల షాపులకి పాకింది.

మన సంగతికొస్తే, కూలి రేటు మాట్లాడేటప్పుడు టీ ఎవరిదో కూడా తేలాలి. వెనక రైతు పదకొండు గంటలకి క్యానులో టీ పొలం కాడికి తెచ్చేవాడు. ఇప్పుడు చాలామంది "అది కూలిలోనే కలిసింది" అంటున్నారు. ఎప్పుడు కలిసింది? ఎంత కలిసింది? అడిగితే చెప్పేవాడు లేడు. రోజుకి రెండు టీలంటే ఇరవై రూపాయలు, పాతిక రోజులకి ఐదు వందలు. పద్దులో ఎక్కేది సరిగ్గా ఆ ఐదు వందలే.

మొన్న నాట్లకి పోయిన ఒక ఆడవాళ్ల జట్టు రేటుతో పాటే ఈ మాట తెగేసి చెప్పింది: "కూలి కూలే, టీ టీయే. రెండు పూటలా మడి కాడికి రావాల." రైతు కాసేపు గొణిగి సరేనన్నాడు. రెండో రోజు నుంచి క్యాను వచ్చింది. మేస్త్రి మాత్రం ఆ నాట్లు అయిందాకా మొహం మాడ్చుకునే తిరిగాడు.