అయిపోయిన బండ, అయిపోని అపోహలు

ఒకే గ్యాస్ బండ ఉన్న ఇంట్లో గ్యాస్ అయిపోవడానికి వేళాపాళా ఉండదు. పెళ్లయి ఏడాది తిరగని జంట అద్దె ఇంట్లో ఒక బండ, రెండు బర్నర్ల పొయ్యితో కాపురం నెట్టుకొస్తుంటుంది. ఆదివారం పొద్దున్నే చుట్టాలు దిగుతారు. ఇడ్లీ పాత్రలో ఇంకా ఆవిరైనా రాదు, మంట కుంగి, మినుకుమని, ఆరిపోతుంది. ఇప్పుడు బుక్ చేస్తే బండ ఇవాళ రాదు. అప్పుడు ఊళ్లో ఉన్న అమ్మ, ఎదురింటి పిన్నిగారు, చేతిలోని ఫోనూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెబుతాయి: బండను పక్కకు పడుకోబెట్టండి, లేదంటే వేడినీళ్ల టబ్బులో పెట్టండి, ఇంకో రెండు రోజులు వస్తుంది. గ్యాస్ అయిపోయిన ఇంట్లో ఆ వేడినీళ్లు దేనిమీద కాచాలో మాత్రం ఎవరూ చెప్పరు.

కొత్త కాపురాల్లో చేతులు కాలడానికీ, కొన్నిచోట్ల వంటిల్లే అంటుకోవడానికీ ఈ ఒక్క సలహా చాలు. అందుకే మిగతా అపోహలకంటే ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: బండను పడుకోబెడితే, వేడి చేస్తే అడుగున మిగిలిన గ్యాస్ బయటికొస్తుంది

వాస్తవం: మంట ఆరిపోయిన బండలో బయటికి రావలసింది దాదాపు ఏమీ మిగలదు. మిగిలి ఉంటే, అప్పుడు దాన్ని పడుకోబెట్టడం మరీ ప్రమాదం.

ఇళ్లకు వచ్చే బండలో నింపేది 14.2 కిలోల ఎల్‌పీజీ. ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువులను ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. నిండు బండలో కూడా పైన దాదాపు ఐదో వంతు చోటు వదిలేస్తారు. ద్రవం వేడికి వ్యాకోచిస్తే దానికి జాగా ఉండాలి. పొయ్యికి వెళ్లేది పైనున్న ఈ ఖాళీలో చేరిన ఆవిరి మాత్రమే, ద్రవం కాదు. నాబ్ తిప్పినప్పుడల్లా ఆవిరి బయటికి పోతుంది, కింద ద్రవం మరిగి ఆ చోటు నింపుతుంది. బండ నిటారుగా నిలబడి ఉన్నంతకాలం వాల్వు దగ్గర ఆవిరే ఉంటుంది. బండను నిలబెట్టి వాడమనడానికి కారణం ఇదే. నిలబెడితే వంటింట్లో చోటు కలిసొస్తుందని ఎవరూ అలా తయారుచేయలేదు.

మంట పూర్తిగా ఆరిందంటే, లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడితో ఇంచుమించు సమానమైందని అర్థం. బండ లోపలి ఘనపరిమాణం సుమారు 33 లీటర్లు. ఆ చోటంతా నిండి ఉన్న ఆవిరి బరువు లెక్కేస్తే 70 గ్రాముల చుట్టూ తేలుతుంది. బయటికి తోసే ఒత్తిడి లేదు కాబట్టి అది ఉన్నా లేనట్టే. పడుకోబెట్టినా, తలకిందులు చేసినా, బోర్లించి వీపు చరిచినా ఆ ఒత్తిడి పెరగదు. సీసాలో అడుగంటిన తేనె సీసా వంచితే జారుతుంది, గాలి జారదు.

ఇక వేడినీళ్ల సంగతి. వేడి చేస్తే ఒత్తిడి పెరుగుతుందన్నది నిజమే. ఎంత పెరుగుతుంది? 25 డిగ్రీల్లో ఉన్న ఖాళీ బండను 60 డిగ్రీల దాకా వేడి చేస్తే, లోపలి ఆవిరిలో పదో వంతు కంటే కాస్త ఎక్కువ బయటికి వస్తుంది. అంటే ఏడెనిమిది గ్రాములు. పెద్ద బర్నరు గంటకు 150 నుంచి 200 గ్రాములు తాగుతుంది. ఈ లెక్కన ఇంత శ్రమకూ దక్కేది రెండు మూడు నిమిషాల మంట. అర లీటరు పాలు కూడా పొంగవు.

మరి "మా ఇంట్లో చేస్తే వచ్చింది" అనేవాళ్ల మాట అబద్ధమా? కాదు, వాళ్లు చూసింది నిజమే, చెప్పే కారణం తప్పు. ద్రవం ఆవిరయ్యేటప్పుడు తనకు కావలసిన వేడిని బండ లోహం నుంచి లాక్కుంటుంది. గంటసేపు ఆపకుండా వండితే బండ చల్లబడుతుంది, కొన్నిసార్లు బయట చెమటలా నీరు పడుతుంది. ఆ చలికి అడుగున మిగిలిన కొద్ది ద్రవం సరిగా మరగదు, మంట కుంగుతుంది. పొయ్యి కట్టేసి అరగంట ఊరుకుంటే గది వేడికి బండ తిరిగి మామూలు స్థితికి వచ్చి, ఇంకొంచెం గ్యాస్ ఇస్తుంది. ఈ అరగంటలోనే జంట టబ్బు వెతికి, కెటిల్‌తో నాలుగు విడతలుగా నీళ్లు కాచి, 15 కిలోలకు పైబడిన ఇనుమును మోసి, బండకు మంగళస్నానం చేయిస్తుంది. గ్యాస్ వచ్చేది విశ్రాంతికి, పేరు వచ్చేది వేడినీళ్లకు.

ఫలితం లేదన్నంతవరకే అయితే ఇది నవ్వుకుని వదిలేయాల్సిన సంగతి. ప్రమాదం వేరేచోట ఉంది. మంట తగ్గిన ప్రతిసారీ బండ ఖాళీ అయినట్టు కాదు. రెగ్యులేటరు పాడవచ్చు, పైపు మెలిపడవచ్చు, పొంగిన పప్పు బర్నరు రంధ్రాల్లో గట్టిపడవచ్చు. అప్పుడు బండలో సగానికి సగం ద్రవం ఉండవచ్చు. దాన్ని పడుకోబెడితే ద్రవం నేరుగా వాల్వు దగ్గరికి వస్తుంది. రెగ్యులేటరు లోపలి అధిక ఒత్తిడిని 30 మిల్లీబార్లకు తగ్గించి పొయ్యికి పంపే పరికరం. అది ఆవిరి కోసం తయారైంది, ద్రవం కోసం కాదు. ద్రవం పైపులోకి దిగి ఆవిరైతే దాని పరిమాణం సుమారు 250 రెట్లు పెరుగుతుంది. అంగుళం ఎత్తుండాల్సిన మంట అప్పుడు మనిషి ముఖం దాకా లేవగలదు. దోసె తిప్పడానికి వంగిన మనిషికి వెనక్కి తగ్గే వ్యవధి కూడా ఉండదు.

సగం నిండిన బండను వేడి చేయడం ఇంతకంటే తెలివితక్కువ పని. ద్రవం ఉన్నంతసేపూ ఉష్ణోగ్రత పెరిగితే ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. బండ గట్టిదే కాబట్టి తట్టుకోవచ్చు. వాల్వు లోపలి రబ్బరు వాషరు, ఏళ్ల తరబడి మార్చని పైపు, వదులుగా బిగించిన రెగ్యులేటరు కూడా అంత గట్టివని హామీ ఎవరిస్తారు? కొందరు ఇంకో అడుగు ముందుకేసి బండ పక్కన దీపమో కుంపటో పెడతారు. దాని గురించి వాదించడానికి ఏమీ లేదు.

ఒప్పుకోవలసిన రెండు మాటలు

పెద్దవాళ్లు చెప్పే చిట్కాలన్నీ కొట్టిపారేయడానికి వీల్లేదు. తడిగుడ్డ పరీక్ష అలాంటిది. బండను తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి కాసేపు ఆగితే పైభాగం ముందు ఆరిపోతుంది, కింద కొంతమేర తడి నిలుస్తుంది. తడి నిలిచిన ఎత్తు వరకు లోపల ద్రవం ఉన్నట్టు. ద్రవం ఉన్నచోట గోడ చల్లగా ఉంటుంది, అక్కడ నీరు నెమ్మదిగా ఆరుతుంది. వంట ముగిసిన వెంటనే చేస్తే గీత స్పష్టంగా కనిపిస్తుంది. సైన్సు పేరు చెప్పుకుని తిరిగే చిట్కాల్లో చాలావాటికంటే ఇది నయం.

చలికాలంలో గ్యాస్ సరిగా రాదన్న ఫిర్యాదులోనూ నిజముంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల్లోనే మరుగుతుంది, బ్యూటేన్‌కు మాత్రం దాదాపు సున్నా దాకా రావాలి. బండలోంచి ప్రొపేన్ ముందు ఎక్కువగా వెళ్లిపోతుంది, ఆఖర్న మిగిలేది ఎక్కువపాలు బ్యూటేన్. ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో జనవరి తెల్లవారుజామున, బాల్కనీలో పెట్టిన బండ చివరి రోజుల్లో మొరాయిస్తే అందులో వింత లేదు. దానికి మందు మరిగే నీళ్లు కాదు. బండను గాలి ఆడే వంటింట్లోకి తెచ్చి నిలబెట్టడం, పెద్ద బర్నరు బదులు చిన్నది వాడడం, ఎండెక్కేదాకా ఆగడం.

అపోహ: చిన్న బండలో వీధి చివర గ్యాస్ పట్టించుకుంటే సరిపోతుంది

వాస్తవం: నగరానికి కొత్తగా వచ్చిన జంట ముందుగా కొనేది చాలాసార్లు పైన బర్నరు బిగించిన చిన్న బండ. దుకాణం వెనక గదిలో పెద్ద బండను తలకిందులు చేసి, సన్నని పైపుతో దీన్ని నింపుతారు. ఎంత నింపారో తెలియదు, వ్యాకోచానికి చోటు వదిలారో లేదో తెలియదు, వాల్వు పరీక్షించినవారు ఉండరు. ఇది చట్టవిరుద్ధం కూడా. కనెక్షన్ కోసం కాగితాలు లేవన్నది సాకు కాదు. ఆయిల్ కంపెనీలే అమ్మే 5 కిలోల బండలు ఉన్నాయి. చిరునామా రుజువు లేకుండా, గుర్తింపు కార్డు చూపి తీసుకోవచ్చు. ధర కాస్త ఎక్కువే, ఆసుపత్రి బిల్లుతో పోలిస్తే చవకే.

ఒక్క మాటలో తేలేవి

బండ మీది అక్షరం గ్యాస్ గడువు తేదీ కాదు. ఎ, బి, సి, డి అన్నవి ఏడాదిలోని నాలుగు త్రైమాసికాలు, పక్కనున్న అంకెలు సంవత్సరం. బి, 27 అని ఉంటే 2027 జూన్ లోపు ఆ బండను తిరిగి పరీక్షించాలని అర్థం. గడువు దాటిన బండ ఇంటికి వస్తే తీసుకోకుండా వెనక్కి పంపవచ్చు. గడువు నాటి అర్ధరాత్రి అది పేలిపోదు.

గ్యాస్‌కు సహజంగానే ఆ కంపు ఉంటుందనుకోవడం తప్పు. ఎల్‌పీజీకి వాసన లేదు, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ కలుపుతారు.

గ్యాస్ తేలిక కాబట్టి పై కిటికీ తెరిస్తే పోతుందనుకోవడం తప్పు. అది గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. గడప తలుపులు కూడా తెరవాలి.

లీకు చూడడానికి అగ్గిపుల్ల పరీక్ష ఒకప్పుడు ఉండేది. దాని బదులు సబ్బు నురగ రాస్తే చాలు, బుడగలు లేస్తే లీకున్నట్టు.

భార్య పేరున ఒకటి, భర్త పేరున ఒకటి కనెక్షన్ తీసుకోవచ్చన్నది తప్పు. ఒకే వంటింటి కుటుంబానికి ఒకటే కనెక్షన్. అదే కనెక్షన్ మీద రెండో బండ మాత్రం అడగవచ్చు.

"బండ పేలింది" అని వార్తల్లో వచ్చేవాటిలో చాలావరకు పేలేది బండ కాదు, మూసిన గదిలో లీకై నిండిన గ్యాస్. రాత్రి రెగ్యులేటరు కట్టేయని బద్ధకం, ఉదయం లైటు స్విచ్చు నొక్కిన వేలు కలిస్తే చాలు.

ఆదివారం పూట ఏం చేయాలి

మంట తగ్గితే ముందు నాబ్ కట్టి, రెగ్యులేటరు ఆఫ్ చేయాలి. పైపు మెలిపడిందా, బర్నరు రంధ్రాలు పూడుకున్నాయా చూడాలి. రెండు బర్నర్లలో ఒకటి బాగా వెలిగి, ఒకటి కుంగితే తప్పు బర్నరుది. రెండూ కుంగితే బండదో రెగ్యులేటరుదో. అనుమానం తీరడానికి తూకమే దారి. ఖాళీ బండ బరువు దాని పైభాగంలోనే ముద్రించి ఉంటుంది. ఇద్దరిలో ఒకరు ఇంట్లోని బరువు చూసే యంత్రం మీద ముందు ఒంటరిగా, తర్వాత బండ పట్టుకుని నిలబడి, తేడాలోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలిన గ్యాస్ ఎంతో తెలుస్తుంది. నడుం నొప్పి ఉన్నవారు ఈ సాహసం ఎదుటివారికి వదిలేయడం మేలు. తేడా సున్నా దగ్గరుంటే చర్చ ముగిసినట్టే, ఇడ్లీలు వీధి చివరి టిఫిన్ సెంటర్ నుంచి తెప్పించుకోవాలి. ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉంటే ఇలాంటి రోజుల్లో పూట గడుస్తుంది.

కంపు వస్తే మాత్రం తూకాలూ పరీక్షలూ వద్దు. లైటు, ఫ్యాను, చిమ్నీ స్విచ్చులు ఏవీ వేయకూడదు, వేసి ఉన్నవి ఆపనూ కూడదు. రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయాలి. అది గ్యాస్ లీకుల కోసం రాత్రింబవళ్లు పనిచేసే నంబరు.

కొత్త బండ వచ్చినప్పుడు సీలు సరిగా ఉందో లేదో చూసి, తూచి చూపమని అడగాలి. అడగడం మర్యాద కాదేమో అని కొత్త కోడళ్లు వెనకాడతారు. అది వినియోగదారు హక్కు, తెచ్చినతని దగ్గర తూకం యంత్రం ఉండాలి. వాల్వు మూత తీశాక లోపల రబ్బరు వాషరు ఉందో లేదో చూసుకోవాలి. బండను నిటారుగా, గాలి ఆడేచోట, పొయ్యి గట్టు కంటే కిందుగా పెట్టాలి. మాడ్యులర్ కిచెన్ అందం కోసం రంధ్రాలు లేని అల్మారాలో బిగించి దాచకూడదు. ఐఎస్‌ఐ గుర్తున్న పైపునైనా ఐదేళ్లకోసారి మార్చాలి. బిగించిన తేదీని గోడ క్యాలెండరు మీద రాసిపెట్టుకోవాలి. ఇద్దరే ఉండే ఇంట్లో ఒక బండ ఎన్నాళ్లొస్తుందో మూడు బండలు అయ్యేసరికి తెలిసిపోతుంది. ఆ లెక్కకు పది రోజుల ముందు బుక్ చేసుకుంటే వేడినీళ్ల టబ్బుతో పని పడదు.