సరిహద్దు నగరం విశాఖ: చరిత్ర, పండుగలు, రాత్రి సందడి

విశాఖపట్నాన్ని ఓడరేవు నగరమని, ఉక్కు నగరమని పిలవడం పరిపాటి. సరిహద్దు నగరమని వ్యవహరించేవారు అరుదు. నేటి పటంలో ఒడిశా సరిహద్దు నగరానికి ఆనుకొని లేకపోవడమే ఇందుకు కారణం. అయితే తొమ్మిది వందల ఏళ్లుగా ఈ తీరం మొదట రెండు రాజ్యాల నడుమ, ఆ పిదప రెండు రాష్ట్రాల నడుమ నిలిచి ఉన్నది. ఇక్కడి పండుగలకు తరలివచ్చే జనం, చీకటి పడిన తరువాత సాగే పనులు ఈ సంగతిని ఏటా గుర్తు చేస్తూనే ఉన్నాయి.

ఇందుకు తొలి సాక్ష్యం సింహాచలం గోడలపై కనిపిస్తుంది. వరాహ లక్ష్మీనృసింహస్వామి ఆలయంలోని శాసనాలు తెలుగు, సంస్కృతం, ఒడియా, తమిళ భాషలలో ఉన్నాయి. వీటిలో ప్రాచీనమైనదిగా చెప్పబడే శాసనం 11వ శతాబ్దం చివరిది, చోళ కులోత్తుంగునిది. 13వ శతాబ్దంలో ఆలయాన్ని నేటి రూపంలో పునర్నిర్మింపజేసినవాడు కళింగ గాంగరాజు మొదటి నరసింహదేవుడు. కోణార్క సూర్యాలయ నిర్మాత కూడా ఆయనే. గజపతి ప్రతాపరుద్రునిపై దండెత్తి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో స్వామిని దర్శించుకొని కానుకలు సమర్పించారు. యుద్ధానంతరం కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన భూములను గజపతికే తిరిగి ఇచ్చివేశారు. పాలకులు మారినా సింహాద్రి అప్పన్న మాత్రం ఇరుపక్షాలకూ ఇలవేల్పుగానే నిలిచారు. ఉత్తరాంధ్ర ఓటర్ల జాబితాలలో అప్పన్న, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాచలం అనే పేర్లు ఎన్ని ఉంటాయో లెక్కించే ఓపిక గల అధికారికి ఈ విషయం వేరుగా చెప్పనవసరం లేదు.

ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పినది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దీనిని పట్టుకున్నా, ఆ ఆధిపత్యం ఎక్కువ కాలం నిలువలేదు. బ్రిటిష్ పాలనలో విశాఖపట్నం జిల్లా జయపురం సంస్థానంతో సహా తూర్పు కనుమల లోపలి దాకా విస్తరించి ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు జయపురం ప్రాంతం కొరాపుట్ జిల్లాగా అటు వెళ్లినది. నగరం సరిహద్దు ప్రాంతమైనది ఆనాడే. విచిత్రమేమంటే, ఆ కొండల అవతలి ఖనిజం కోసమే అంతకు కొద్ది సంవత్సరాల ముందు ఓడరేవు నిర్మాణం జరిగినది. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడానికి రాయపూర్ - విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తికాగా, 1933 డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనంగా ప్రారంభించారు. తరువాతి కాలంలో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస - కిరండూల్ మార్గమూ ఇదే కోవకు చెందినది. గీత అవతల ఉన్న గనులకు ద్వారం గీత ఇవతల ఉన్నది.

సరిహద్దు భూమికి మాత్రమే పరిమితం కాలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఓడరేవుపై బాంబులు వేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కొంతకాలం గుంటూరుకు తరలించవలసి వచ్చినది. 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి చేరువలో మునిగిపోయినది. ఆ యుద్ధానికి స్మారకంగా బీచ్ రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం నిలిచి ఉన్నది. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవ విన్యాసాలు చాలా కాలం రామకృష్ణా బీచ్‌లో జరుగుతూ వచ్చాయి. ఇటీవలి సంవత్సరాలలో వేదికలు మారుతున్నాయి. 2022లో రాష్ట్రపతి సమక్షంలో ఇక్కడ జరిగిన వేడుక 2024లో పూరీ తీరానికి వెళ్లినది.

పండుగల విషయానికి వస్తే, బురుజుపేట కనకమహాలక్ష్మి ఆలయాన్ని ముందుగా పేర్కొనవలసి ఉంటుంది. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండకూ వానకూ ఎదురుగా ఆరుబయటే ఉంటారు. కులమత భేదం లేకుండా భక్తులు స్వయంగా తాకి పసుపు కుంకుమలు సమర్పించవచ్చును. మార్గశిర మాసంలో గురువారం దర్శనానికి బుధవారం అర్ధరాత్రికే వరుసలు కడతారు. అదే మార్గశిర గురువారాలలో ఒడిశాలో ఇంటింటా ‘మాణబసా’ పేరిట లక్ష్మీపూజ జరుగుతుంది. ఒకే మాసం, ఒకే వారం, ఒకే దేవత. జిల్లాల విభజనకు ఈ ఆచారం లోబడలేదు. ఆషాఢంలో పాతనగరం జగన్నాథస్వామి రథం టర్నర్ సత్రానికి కదులుతుంది. ఓడరేవు కొండలపై ఆలయం, చర్చి, ఇసాక్ మదీనా దర్గా ఒకదాని చెంత ఒకటి ఉండగా, దర్గా ఉరుసుకు అన్ని మతాల వారూ వస్తారు.

అయితే నగరం మొత్తం మేలుకొని ఉండే రాత్రి ఏడాదికి ఒకటే. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహగిరి పాదం వద్ద తొలిపావంచాలో కొబ్బరికాయ కొట్టి భక్తులు గిరిప్రదక్షిణ మొదలుపెడతారు. కొండ చుట్టూ దూరం 32 కిలోమీటర్లు. అడవివరం, హనుమంతవాక మీదుగా జోడుగుళ్లపాలెం వద్ద సముద్రానికి చేరి, స్నానమాచరించి, వెంకోజీపాలెం, సీతమ్మధార, మాధవధార, ఎన్.ఎ.డి. కూడలి, గోపాలపట్నం దారిలో తిరిగి కొండకు చేరుకుంటారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి, ఒడిశా నుండి వచ్చిన వారు చెప్పులు లేకుండా నడుస్తారు. దారి పొడవునా గృహస్థులు ఇంటి ముందు బల్లలు వేసి మజ్జిగ, పులిహోర, మంచినీరు అందిస్తారు; కాళ్లు లాగిన వృద్ధులకు మందు నూనె రాసేవారూ ఉంటారు. ఈ ఏర్పాట్లలో చాలా భాగం ఏ కార్యాలయమూ ఆదేశించి చేయించినవి కావు. మరునాటి పౌర్ణమికి స్వామికి ఆ ఏటి చివరి విడత చందన సమర్పణ జరుగుతుంది.

ఇక వైశాఖ శుద్ధ తదియ నాటి చందనోత్సవం. ఏడాది పొడవునా చందనపు పూత కింద ఉండే స్వామి నిజరూపాన్ని ఆ ఒక్కరోజే చూడగలరు. పూతను రాత్రి వేళలో ఒలిచి, తెల్లవారకముందే దర్శనం మొదలుపెడతారు గనుక వేలాది మంది చీకటిలోనే కొండపై నిలబడి ఉంటారు. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున, భారీ వర్షంలో, కొత్తగా కట్టిన గోడ క్యూలైనుపై కూలి ఏడుగురు భక్తులు మరణించారు. పండుగ ఏర్పాట్ల సమీక్షలలో సాధారణంగా పగటి రద్దీకి, ప్రముఖుల రాకకు దక్కే సమయం రాత్రి నిలబడే సామాన్యునికి దక్కదు. ఈ నగరంలో జనం బయట ఉండేది రాత్రివేళ అన్న విషయం ప్రణాళికల మొదటి పుటలోనే ఉండవలసినది.

పండుగలు లేని రోజులలోనూ విశాఖ పూర్తిగా నిద్రపోదు. బీచ్ రోడ్డులో ముంత మసాలా, కాల్చిన పొత్తుల బండ్ల వద్ద సందడి, జగదాంబ కూడలిలో రెండో ఆట విడిచిన ప్రేక్షకులు పర్యాటకులకు తెలిసిన దృశ్యాలే. తెలియనిది పనివారి రాత్రి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల, దేవతల పేర్లు పెట్టుకున్న ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసులు ఇష్టం వచ్చినప్పుడు ఆర్పి వెలిగించే పొయ్యిలు కావు. అందుకే అక్కడ పని మూడు షిఫ్టులలో సాగుతుంది. కింగ్ జార్జి ఆసుపత్రి ఆవరణలో రాత్రి చాపలు పరచుకొని పడుకున్న రోగుల బంధువులలో కొరాపుట్, రాయగడ, మల్కనగిరి వారు ఉంటారు. కొండ ప్రాంతాల నుండి పెద్ద ఆసుపత్రికి దారి ఇప్పటికీ ఇటువైపే.

చేపల రేవులోనూ పని చీకటిలోనే. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో సుమారు 40 పడవలు దగ్ధమయ్యాయి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, వేట నిషేధం అమలులో ఉంటుంది. గడువు ముగియగానే పడవలకు పూజ చేసి, ఐసు, నూనె, నెట్ల భారంతో బయలుదేరే మత్స్యకారులు ఉత్తరంగా ఒడిశా జలాల వైపూ వెళతారు. అక్కడ ఋషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల వద్ద తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుండి మే 31 వరకు వేరొక నిషేధం ఉన్నది. నీటిపై గీత కనిపించదు గనుక, ఆ తేదీలు, ఆ హద్దులు పడవ నడిపే సరంగుకు కంఠతా వచ్చి ఉండాలి.