గిరీశం గుర్తున్నాడు, మరి సుబ్బి?

ఆమదాలవలసలోనైనా విజయనగరంలోనైనా మాటకారి మోసగాణ్ణి ‘గిరీశం’ అంటే విడమరచి చెప్పనక్కరలేదు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ ‘కన్యాశుల్కం’ ఉత్తరాంధ్ర నుడికారంలో అంతగా ఇంకిపోయింది. కానీ ఆ ప్రభావం నవ్వు దగ్గరే ఆగిపోయింది.

1897 నాటి ముద్రణకు గురజాడ ఆంగ్లంలో రాసిన పీఠికలో ఒక లెక్క ఉంది. ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో తీయించిన జాబితాలో మూడేళ్లకు 1,034 శుల్కవివాహాలు తేలాయి. వధువుల్లో 99 మంది ఐదేళ్లవారు. ముగ్గురు ఏడాది పసికూనలు. (ఆమదాలవలస అప్పట్లో గంజాం జిల్లాలోది. ఇక్కడి పిల్లలు ఆ లెక్కలోకి రాలేదు.)

దీన్ని తండ్రుల దురాశగా కొట్టివేయలేం. కులానికి మూలం స్వకుల వివాహమేనని 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేద్కర్ నిరూపించారు. ఆ కట్టడి నిలవాలంటే భర్త పోయిన స్త్రీకి మళ్లీ పెళ్లి ఉండకూడదు. భార్య పోయిన పురుషుడికి ఆ కులంలోనే ఈడు రాని పిల్లను వెతకాలి. బుచ్చమ్మ, లుబ్ధావధానులు, సుబ్బి సరిగ్గా ఈ ముగ్గురే. నేడు మనం చదివే 1909 నాటి విస్తృత ప్రతి ఆ పత్రానికి ఏడేళ్లు ముందుది.

గురజాడ ఇక్కడ కులాన్ని నేరుగా నిలదీయలేదన్నదీ నిజమే. అగ్రహారం బయటి శ్రామిక కులాలకు ఈ నాటకంలో పక్కపాత్రలే దక్కాయి. అయినా స్వకుల వివాహం ఆడపిల్లతో ఏం చేయిస్తుందో ఇంత నిర్దయగా చూపిన తెలుగు నాటకం మరొకటి నాకు కనిపించదు.

తర్వాత శుల్కం పోయి కట్నం వచ్చింది. డబ్బు నడిచే దిక్కు మారిందే గానీ సంబంధం వెతికే హద్దు మారలేదు. పత్రికల్లో వివాహ ప్రకటనలు నేటికీ కులాలవారీగానే అచ్చవుతున్నాయి.