పాత్రక్రీడ: నూతన క్రీడాకారులకు తొలి గోష్ఠిని నడుపు విధానము

కథను వినుట, నాటకమును చూచుట, ఆటను ఆడుట అను మూడు వినోదములును తెలుగువారికి చిరపరిచితములు. ఈ మూడింటిని ఒక్క బల్లచుట్టు చేర్చిన క్రీడ యొకటి గడచిన అర్ధశతాబ్దికి పైగా లోకమున వ్యాపించుచున్నది. దానిని ఆంగ్లమున ‘టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్’ అందురు. ఈ వ్యాసమున ‘పాత్రక్రీడ’ అని వ్యవహరింతును. ఇందు ఒకరు సూత్రధారులు. తక్కినవారు ఒక్కొక్క పాత్రను వహింతురు. సూత్రధారుడు సన్నివేశమును వర్ణించి, “ఇప్పుడు నీవేమి చేయుదువు?” అని అడుగును. క్రీడాకారుడు తన పాత్ర తరఫున బదులు చెప్పును. ఫలితము సందేహాస్పదమైనచోట పాచికలు తీర్పు చెప్పును. వేదిక లేదు, ప్రేక్షకులు లేరు, కంఠస్థము చేయదగిన సంభాషణలును లేవు. ఈ క్రీడ నెన్నడును ఎరుగనివారిచే దీనిని తొలిసారి ఆడించుట ఎట్లు అనునదే ప్రస్తుత విషయము.

దీని పుట్టుపూర్వోత్తరములు కొంత తెలిసికొనుట అవసరము. ప్రష్యా సైన్యమున అధికారుల శిక్షణకై రైస్విట్జ్ అను సైనికుడు 1824లో ‘క్రీగ్‌స్పీల్’ అను యుద్ధక్రీడకు నియమములను ప్రకటించెను. అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ 1969లో అట్టి యుద్ధక్రీడ నొకదానిని నడుపుచు, సేనలకు మారుగా ఒక పట్టణమునందలి వ్యక్తుల పాత్రలను ఆటగాండ్రకు పంచెను. వారు అతడు ఊహింపని పనులు చేయ మొదలిడిరి. ఆట గందరగోళమై విఫలమైనదని అతడు తలచెను. ఆటగాండ్రు మాత్రము మరల ఆడింపుమని కోరిరి. గ్యారీ గైగాక్స్, ఆ బృందమునకు చెందిన డేవ్ ఆర్నెసన్ అనువారు కలిసి 1974లో ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ను ప్రకటించిరి. ఈ జాతి క్రీడలలో అచ్చుపడి విక్రయింపబడిన మొదటిది అదియే. సూత్రధారుడు ఊహింపని పనిని ఆటగాడు చేయుటయే ఈ క్రీడకు జన్మకారణమను సంగతి ఇచట గమనింపదగినది.

ఈ లక్షణమును మన పులి–మేక ఆటతో పోల్చి చూచినచో విశదమగును. మూడు పులులు, పదిహేను మేకలు గల ఆ పటముపై మేకను నడుపువాడు గీత వెంబడి ప్రక్క స్థానమునకు జరుపగలడు. అంతకు మించి చేయజాలడు. ఆట యెంత లోతైనదైనను చేయదగిన పనులన్నియు పటముపై ముందే గీయబడి యున్నవి. పాత్రక్రీడలోని మేక యైనచో, “నేను బిగ్గరగా అరచి కాపరిని పిలిచెదను” అనవచ్చును. ఆ ఎత్తు ఏ గీతపైనను లేదు. అప్పుడు సూత్రధారుడు కాపరి ఎంతదూరమున నున్నాడో, గాలి ఎటు వీచుచున్నదో యోచించి బదులీయవలయును. పటముపై లేని మాటను తాను పలుకవచ్చునని గ్రహించుటయే క్రొత్తవాని తొలి పాఠము. తక్కిన నియమములన్నియు తరువాత నేర్వదగినవి.

పాత్రను వహించుట మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. తిరుపతి గంగజాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి మొదలగు వేషములు వరుసగా వచ్చును. స్త్రీలను బాధించిన పాలెగానిని వెదకుచు గంగమ్మ ఆ వేషములు ధరించెననియు, దొరవేషమున వానిని సంహరించెననియు ఐతిహ్యము. మ్రొక్కుబడిగా సామాన్యజనులును, పసివారును వేషములు వేయుదురు. పురుషులు స్త్రీవేషములు ధరింతురు. వేషము వేసిన బాలునకు ఐతిహ్యమంతయు బోధించి పరీక్షించిన పిదప వీధిలోనికి పంపుట ఎచటను లేదు. రంగు పూయుదురు, నడువుమందురు. నడచుటలోనే వాడు నేర్చుకొనును. తొలి గోష్ఠిని నడుపువారికి ఇది మంచి ఆదర్శము.

చిత్తూరు, తిరుపతి ప్రాంతముల ధర్మరాజు–ద్రౌపది గుడులలో జరుగు భారతోత్సవములు మరియొక సంగతిని తెలుపును. పగలు భారతకథాశ్రవణము, రాత్రి వీధినాటకము, అర్జునుడు తపస్సుమాను ఎక్కుట, మట్టితో మలచిన దుర్యోధనుని వధ, తుదకు అగ్నిగుండము – ఇట్లు కథ ఊరిలోనే నడచును. అయితే దుర్యోధనుడు పడునని అందరును ఎరుగుదురు. ఎరిగియుండుటలోనే అచటి రసము కలదు. పాత్రక్రీడ ఇచటనే భారతమునుండి వేరుపడుచున్నది. ఇందు అంత్యమును ముందే నిశ్చయించుకొన్న సూత్రధారుడు క్రీడాకారుల చేతులలోని క్రీడను లాగుకొన్నవాడగును.

ఇక నిర్వహణక్రమము. తొలి గోష్ఠికి సూత్రధారుడు గాక నలుగురు చాలుదురు. రెండు మూడు గంటల కాలము తగినది. కథ ఆ పూటనే ముగియవలయును. పాత్రలను క్రొత్తవారిచే కల్పింపజేయుట కాలహరణము. సూత్రధారుడే నాలుగైదు పాత్రపత్రములను సిద్ధపరచి, కోరినదానిని ఎన్నుకొననీయవలయును. పత్రమున పేరు, వృత్తి, రెండు నైపుణ్యములు, ఒక కోరిక, మరియొక పాత్రతో ఒక సంబంధము – ఇంతమాత్రమే చాలును.

ఉదాహరణకు ఒక కల్పిత సన్నివేశము. ముసురు పట్టిన రాత్రి, చెరువు నిండినది, కట్టపై ఒకచోట నీరు ఊరుచున్నది. నీరుగంటి, కరణము, మంత్రసాని, వీధినాటకపు వేషగాడు కట్టపై నున్నారు. మరవ రాళ్ళను తొలగించినచో నీరు దిగువ ఊరి వరిమళ్ళపై పడును. తొలగింపనిచో కట్ట తెగవచ్చును. కరణమునకు దిగువన పొలము కలదు. మంత్రసాని అక్క దిగువ ఊరిలో నిండుచూలాలు. ఇంత చెప్పి సూత్రధారుడు వెంటనే “నీవేమి చేయుదువు?” అని అడుగవలయును. ప్రారంభమైన అయిదు నిమిషములలో ప్రతి క్రీడాకారుడును ఒక నిర్ణయము చేసియుండవలయును. నియమముల వివరణతో మొదటి గంట గడచినచో క్రొత్తవాడు తాను తప్పుచేయుదునను భయమును మాత్రమే నేర్చుకొనును.

నియమము అవసరమైనప్పుడే దానిని చెప్పవలయును. సాధారణమైన ఆరుముఖముల పాచికలు రెండింటిని వేసి, మొత్తము ఎనిమిది గాని అంతకు మించి గాని వచ్చినచో కార్యము నెరవేరినట్లు భావింపవచ్చును. ముప్పదియారు విధముల పతనములలో ఇట్టివి 15, అనగా నూటికి సుమారు 42. ఆ పనిలో నైపుణ్యము గలవానికి మొత్తమునకు రెండు కలిపినచో అనుకూలములు 26, అనగా నూటికి సుమారు 72. నీరుగంటి తన పనిలో నేర్పరి యను మాట ఈ అంకెల వలన క్రీడాకారునకు అనుభవమునకు వచ్చును. ఫలితము నిశ్చితమైనచోట పాచికలు వేయింపరాదు. పతనము ప్రతికూలమైనను కథ ఆగిపోరాదు. “రాయి కదలలేదు” అనుటకంటె, “రాయి కదలినది గాని నీ చేతి గడ్డపార ప్రవాహమున కొట్టుకొనిపోయినది” అనుట మేలు.

సూత్రధారుడు వర్జింపవలసినవి మూడు. క్రీడాకారుడు తడబడినప్పుడు తాను బదులు చెప్పరాదు. రెండు మూడు మార్గములను చూపి, “ఇవి గాక మరేదైనను కావచ్చును” అని చేర్చవలయును. మాటకారి యొక్కడే గోష్ఠి నంతయు ఆక్రమింపకుండ, వరుసగా ఒక్కొక్కరిని పేరు పెట్టి అడుగవలయును. తాను తలపోసిన కథకు భంగము కలిగినదని చింతింపరాదు.

పాత్రలను పంచుటలో మరింత జాగరూకత కావలయును. నీరుగంటి, కరణము వంటి పేర్లు వృత్తులను మాత్రమే గాక కులములను, అధికారమును స్ఫురింపజేయును. ఏ విద్యార్థికిని వాని పుట్టుకను బట్టి పాత్రను అంటగట్టరాదు. ఏ పాత్రయును పరిహాసమునకు పాత్రము కారాదు. బల్ల నడుమ ఒక చీటీ నుంచి, ఎవరేని దానిని తాకినంతనే, కారణమడుగక ఆ ప్రసంగమును విడిచిపెట్టు ఆచారము నేడు పలు దేశముల గోష్ఠులలో కలదు. మన తరగతులలో దీని అవసరము మరింత అధికము.

తెలుగు ఉపాధ్యాయులు ఈ క్రీడపై దృష్టి నిలుపదగిన కారణము భాషయే. గ్రంథభాష నోట పలుకదని తరగతిలో మౌనము వహించు విద్యార్థి, మంత్రసాని పాత్రలో తన ఇంటి చిత్తూరు పలుకుబడితో మాటలాడగలడు. కరణము పలుకు వేరు, వేషగాని పలుకు వేరు. పాత్రోచితభాష యను లక్షణగ్రంథముల మాట అచట విద్యార్థికి స్వీయానుభవ మగును. కావున గోష్ఠి నడచుచుండగా భాషను దిద్దరాదు. ముగిసిన పిదప పావుగంట సేపు, “ఏ నిర్ణయమును మార్చుకొందువు? ఏల?” అని ఒక్కొక్కరిని అడిగినచో చాలును. మరవను తెగగొట్టినవాడు దిగువ ఊరివారికి ఏమి బదులు చెప్పునో అప్పుడు యోచించును. కథను విన్నవానికి ఈ ప్రశ్న పరీక్షాపత్రమున వచ్చును. పాత్రను వహించినవానికి ఇది తన మనస్సునుండియే పుట్టును.