శశిరేఖ యొల్లని పెండ్లి

వ్యాసభారతమున శశిరేఖ లేదు. కవిత్రయమువారి యాంధ్రభారతమునను లేదు. బలరామునకు శశిరేఖయను కూఁతురు కలదనియు, నామెను మేనయత్తకొడుకగు నభిమన్యుఁడు వరించి పెండ్లాడెననియుఁ జెప్పు కథ జనుల నోళ్లలోఁ బెరిఁగి, సురభివారి రంగస్థలమున మెప్పు వడసి, 1936లో వాక్చిత్రమై, తుదకు 1957వ సంవత్సరము మార్చి 27వ తేదిని విజయావారి "మాయాబజారు"గా వెలువడినది. మూలమున లేని కథ గావున విచారణకుఁ దగదని పండితులు పలువురు దీనిని త్రోసిపుచ్చుదురు. మూలమున లేదనుట నిజమే. లేనిదానిని జనులేల కోరిరి యనునదియే విచారింపవలసిన యంశము.

విరాటపర్వమున విరాటుఁడు తన కూఁతు నుత్తరను అర్జునునకే యీఁదలఁచెను. ఏఁడాదికాలము నాట్యము నేర్పిన కన్యను భార్యగాఁ గొనుట తగదని యర్జునుఁ డామెను గోడలిగాఁ గొనెను. తండ్రి వలదన్న పెండ్లి కొడుకునకు వచ్చినది. అభిమన్యు నభిప్రాయము నెవ్వరైన నడిగినట్లు కానరాదు. పాండవులు వనవాసము సేయునపుడు బాలుఁడు తల్లితోఁ గూడ ద్వారకలో మేనమామలకడఁ బెరిఁగినాఁడు. మేనఱికము వాడుకయైన దేశమున నీ మాట విన్నవారికి వెంటనే తోఁచు ప్రశ్న యొక్కటియే: మేనమామకుఁ గూఁతురు లేదా? శశిరేఖ యా ప్రశ్నకుఁ బుట్టిన కూఁతురు. మహారాష్ట్రులును వత్సల యనియు సురేఖ యనియు నామెను బిలుచుకొనిరి. బాబూరావు పెయింటరు 1921లో "సురేఖాహరణ"మను మూకచిత్రమును దీసెను. ఉత్తరా వివాహమునకు బలరాముఁడు సయితము వచ్చెనని భారతము చెప్పుచున్నది. శశిరేఖ కథ నిజమగుచో నాతఁడు తన యల్లుని రెండవ పెండ్లికి విచ్చేసెనని చెప్పవలసివచ్చును! కథకులు దీనిని లెక్కసేయలేదు.

కావున నీ కథ భారతము వరింపని బ్రదుకును దొంగిచూచుటకు జనులు దెఱచుకొన్న గవాక్షమని నా తలఁపు.

గుంటూరు సీమవారికి నీ చిత్రముతోడి చుట్టఱికము దగ్గఱిది. శశిరేఖగా నటించిన సావిత్రి యీ మండలములోని చిఱ్ఱావూరి యాడుపడుచు. నిర్మాతలలో నొకరగు చక్రపాణి తెనాలివారు. బలరాముఁడైన గుమ్మడి వేంకటేశ్వరరావు తెనాలి ప్రాంతమందలి రావికంపాటివారు. శ్రీకృష్ణ వేషధారియగు నందమూరి తారకరామారావు గుంటూరు క్రైస్తవ కళాశాలలోఁ జదివి, 1947లో నీ మండలముననే సబురిజిస్ట్రారు కొలువునఁ జేరి, కొలఁది వారములకే దానిని విడిచిపోయెను. దస్తావేజులపైఁ జేవ్రాలు సేయు శ్రీకృష్ణుని మన మూహింపఁజాలము. దర్శకుఁడు కె. వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు.

ఇందు సంబంధము చెడుటకుఁ గారణము జాతకము గాదు, జూదము. పాండవులు రాజ్యము గోల్పోయినంతనే రేవతి మేనఱికమును మఱచి దుర్యోధనుని కొడుకగు లక్ష్మణకుమారుని మెచ్చినది. ప్రత్తియు మిరపయుఁ బండించు నల్లరేగళ్లలో, ధర పడిన యేఁట వియ్యమందఁగోరినవారు మొగము చాటుసేయుట యెఱిఁగినవారికి రేవతి పరాయిది గాదు. పాండవు లేవురిలో నొక్కరైనను చిత్రమునఁ గానరారు. సిరి పోయినవారు కంటికిఁ గానరాకుండుట యెంత యుచితము!

ప్రియదర్శినియను పేటిక యొకటి యిందుఁ గలదు. దానిని దెఱచినవారికిఁ దమ కెల్లకంటెఁ బ్రియమైనది గోచరించును. బలరామునకు దుర్యోధనుఁడును, రేవతికి ధనమును, శశిరేఖకు నభిమన్యుఁడును గానవచ్చిరి, శ్రీకృష్ణునకు శకుని! పేటిక చూపునది కోరినదానిని. కోరనిదానిని జూపు పని ఘటోత్కచునిది. అతఁడు నిద్రించు శశిరేఖను తన యాశ్రమమునకుఁ జేర్చి, తానే శశిరేఖయై ద్వారకలో నిలిచి, యామె యొల్లని పెండ్లిని పీఁటలవఱకు నడపును, వరుని హడలఁగొట్టును. సావిత్రి కన్నెరూపమున నుండియే నడకలోను, చేతుల విసరులోను లోని రాక్షసుని జూపిన తీరు వర్ణింప నలవిగాదు. అచ్చట మాయాపరిణయము నగుఁబాటగుచుండఁగా నిచ్చట నిజపరిణయము జరుగుచుండును.

తనకు మాఱుగా వేఱొకతెను నిలుపుట మన వాఙ్మయమునఁ బ్రాఁతయే. హరివంశమున సంజ్ఞ సూర్యతేజము నోర్వలేక తన నీడను నిలిపి పోయినది. అద్దంకి ప్రోలయవేమారెడ్డికై యెఱ్ఱాప్రెగడ హరివంశమును దెనిఁగించిన సీమలో నీ కథను విస్తరింప నక్కఱలేదు. అధ్యాత్మరామాయణమున మాయాసీత యున్నది. కాని ఛాయకు బిడ్డలు కలిగిరి. మాయాసీత లంకలో నుండవలసివచ్చెను. మాయాశశిరేఖ పెండ్లి మాత్ర మేమియు మిగుల్పక పొగవలె విచ్చిపోయినది. అమెరికావారి చిత్రములలోఁ బద్ధతి వేఱు. 1946 నాఁటి "ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్"లో దేవదూత నాయకునకు నాతఁడు పుట్టని లోకమును జూపును; 2000 నాఁటి "ది ఫ్యామిలీ మ్యాన్"లో నాయకుఁడు తాను విడిచిన కన్యతోడి సంసారమున మేల్కాంచును. అచ్చట నాయకుఁడే రెండవ బ్రదుకును జూచి మాఱును. శశిరేఖ దానిని జూడనే చూడదు, చూచినవారము మనము.

మనము చూచితిమి గావుననే యొక మాట చెప్పక తప్పదు. ద్రోణపర్వమునఁ బదుమూఁడవనాఁటి పోరిలో నభిమన్యుఁడు పద్మవ్యూహమునఁ జొచ్చి లక్ష్మణకుమారునిఁ జంపెను. ఆనాఁడే తానును గూలెను. పెండ్లి నడపిన ఘటోత్కచుఁడు మఱునాఁటి రాత్రి కర్ణుని శక్తికి బలి యయ్యెను. ద్వారకలోని పీఁటలకును నాశ్రమములోని పీఁటలకును నావల నున్నది యొక్క దినమే. అభిమన్యునికై యేడ్చినవారిలో సుభద్ర కలదు, ఉత్తర కలదు. శశిరేఖ కచ్చటఁ జోటు లేదు. చిత్రము పెండ్లితోనే ముగిసినది.