సొంత రచనపై పరాయి హక్కు ప్రకటన

హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల డీటీపీ కేంద్రాల్లో సిద్ధాంత గ్రంథాలు, పరిశోధన పత్రాలు, రైతులకు పంచే కరపత్రాలు రూపుదిద్దుకుంటాయి. కొత్త పనికి తరచుగా పాత ఫైలే నమూనా అవుతుంది. శీర్షిక, పట్టికలు మారినా పేజీ అడుగున ఉన్న కాపీరైటు వాక్యం అలాగే మిగిలిపోతుంది. ఫలితంగా, కంది సాగుపై శాస్త్రవేత్త రాసిన కరపత్రం మీద సంబంధం లేని ప్రచురణకర్త పేరు, ‘అనుమతి లేకుండా పునర్ముద్రించరాదు’ అన్న నిషేధం కనిపిస్తాయి. ప్రతులు తీసి రైతులకు పంచదలచిన వారు దానిని చదివి వెనుకాడతారు.

కాపీరైటు చట్టం, 1957 ప్రకారం రచన పూర్తికాగానే హక్కు ఏర్పడుతుంది. నమోదు గాని, ప్రకటన గాని తప్పనిసరి కాదు. 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీకి సంతకంతో కూడిన లిఖిత పత్రం అవసరం. కనుక నమూనాలో మిగిలిన వాక్యం వల్ల హక్కు ఇతరులకు చేరదు. అయితే ఉద్యోగ విధిలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేనప్పుడు, 17వ సెక్షన్ ప్రకారం యజమానే తొలి హక్కుదారు. అందువల్ల విశ్వవిద్యాలయ నిబంధనలను ముందుగా పరిశీలించాలి.

వర్డ్ నమూనాల్లో ఈ వాక్యం సాధారణంగా ఫుటర్‌లో ఉంటుంది. మొదటి పేజీ ఫుటర్ వేరుగా ఉండవచ్చు గనుక రెండింటినీ తెరిచి చూడాలి. ఫైలు వివరాల్లో మిగిలిన పాత రచయిత పేరును కూడా మార్చాలి. లేటెక్స్‌లో ఏసీఎం సంస్థ రూపొందించిన ‘ఏసీఎంఆర్ట్’ నమూనాను ఇతర పత్రాలకు వాడేటప్పుడు ‘నాన్ఏసీఎం’ ఐచ్ఛికాన్ని చేర్చితే అనుమతి వాక్యాలు రావు. సరిదిద్దిన ఫైలును కొత్త నమూనాగా భద్రపరిస్తే పొరపాటు పునరావృతం కాదు.

ఈ స్వేచ్ఛ సొంత రచనకే పరిమితం. ఇతరుల డిజిటల్ రచనల్లోని హక్కుల సమాచారాన్ని అనుమతి లేకుండా, తెలిసి తొలగించడం 2012 సవరణతో చేరిన 65బి సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా విధించవచ్చు. పత్రికకు హక్కులు రాసిచ్చిన వ్యాసంలోని ప్రకటనను కూడా అలాగే ఉంచాలి.

తొలగింపుతోనే పని పూర్తికాదు. ప్రకటన లేనంత మాత్రాన రచన అందరిదీ కాదు. హక్కుదారు పేరు, సంవత్సరంతో పాటు ‘మూలాన్ని పేర్కొని విస్తరణ అవసరాలకు ప్రతులు తీసుకోవచ్చు’ అని హక్కుదారు సమ్మతితో స్పష్టంగా ముద్రిస్తే, కరపత్రం నిస్సంకోచంగా రైతు చేతికి చేరుతుంది.