ఎక్కడికైనా వెళ్లే బండి ఎందుకు ఆగిపోతుంది?

నాలుగు లావాటి టైర్లు, మోటార్‌సైకిల్‌కు ఉన్నట్టు కాళ్లు చెరో పక్క వేసుకుని కూర్చునే సీటు, తిప్పడానికి హ్యాండిల్. దీన్ని ఆల్ టెర్రైన్ వెహికల్ అంటారు, పొట్టిగా ఏటీవీ. మన దేశంలో సముద్ర తీరాల్లో, కొండ ప్రాంతాల్లో పర్యాటకులు దీన్ని సరదాగా నడుపుతుంటారు. రోడ్డు లేని సరిహద్దుల్లో భద్రతా దళాలు గస్తీకి వాడతాయి. 2007లో మొదలైన బాహా ఎస్ఏఈ ఇండియా పోటీల కోసం ఇంజినీరింగ్ విద్యార్థులు ఇలాంటి బండ్లను తామే తయారు చేస్తారు.

తారురోడ్డు మీద తిరిగే కారుకు దుమ్ము, బురద, నీళ్లు అప్పుడప్పుడే ఎదురవుతాయి. ఏటీవీకి అవే రోజూ నడిచే దారి. పైగా అది మొరాయించే చోట మెకానిక్ దొరకడు, ఒక్కోసారి ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. అందుకే దీని నిర్వహణ గురించి నడిపేవారికి కొంతైనా తెలిసి ఉండాలి. కంపెనీ పుస్తకంలో కనిపించే నియమాల్లో చాలావాటి వెనక మనం బడిలో చదువుకున్న భౌతికశాస్త్రమే ఉంది.

కిలోమీటర్లు కాదు, గంటలు

కారుకు ఎన్ని వేల కిలోమీటర్లకు సర్వీసింగ్ చేయించాలో చెబుతారు. ఏటీవీకి చాలా కంపెనీలు ఇంజిన్ నడిచిన గంటలను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. బురదలో గంటసేపు కష్టపడి లాగినా బండి నాలుగైదు కిలోమీటర్లే కదలవచ్చు. దూరం తక్కువైనా ఆ గంటలో ఇంజిన్ వేల సార్లు తిరిగింది, ఆయిల్ వేడెక్కింది. కిలోమీటర్లు మాత్రమే చూస్తే ఆయిల్ మార్చాల్సిన సమయం దాటిపోతుంది.

టైరులో గాలి: 5 అంటే ఎప్పుడూ 5 కాదు

కారు టైరులో సుమారు 30 పీఎస్ఐ గాలి ఉంటే, ఏటీవీ టైరులో చాలావరకు 3 నుంచి 8 పీఎస్ఐ వరకే ఉంటుంది. మెత్తటి టైరు నేల మీద మోపే ఒత్తిడి దాదాపు లోపలి గాలి ఒత్తిడికి సమానం. బండి, నడిపే మనిషి కలిసి 375 కిలోలు ఉన్నారనుకుందాం. 5 పీఎస్ఐ వద్ద ఒక్కో టైరు సుమారు 270 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతుంది. అదే 30 పీఎస్ఐ నింపితే 45 చదరపు సెంటీమీటర్లే. ఇసుకలో మొదటిది తేలుతూ పోతుంది, రెండోది దిగబడుతుంది.

గాలి ఇంత తక్కువగా ఉండటం వల్ల చిన్న మార్పు కూడా పెద్దదవుతుంది. 35 డిగ్రీల ఎండలో 5 పీఎస్ఐ నింపిన టైరు 5 డిగ్రీల చలిలోకి వెళితే గేజ్ సుమారు 3 చూపిస్తుంది. అంటే 40 శాతం తగ్గినట్టు. కారు టైరులో ఇదే చలికి తగ్గేది 14 శాతమే.

ఎత్తుకు వెళితే దీనికి తలకిందులుగా జరుగుతుంది. గేజ్ చూపించేది లోపలి ఒత్తిడికీ బయటి వాతావరణ పీడనానికీ మధ్య తేడా మాత్రమే. సముద్ర మట్టం వద్ద వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ. సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న లేహ్‌లో అది దాదాపు 9.5. తీరంలో 5 నింపిన టైరు లేహ్‌లో, అదే ఉష్ణోగ్రత వద్ద, దాదాపు 10 చూపిస్తుంది. టైరు కాస్త సాగుతుంది కాబట్టి నిజంగా కొంచెం తక్కువే ఉండొచ్చు. ఏదేమైనా ఎవరూ గాలి కొట్టకుండానే టైరు గట్టిపడిపోయింది. అందుకే బండి ఎక్కడ నడుస్తుందో అక్కడే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. కారు గేజ్‌లో ఒకటి రెండు పీఎస్ఐ తేడా పెద్ద విషయం కాదు. ఇక్కడ అది సగం గాలితో సమానం. తక్కువ ఒత్తిడిని కొలిచే ప్రత్యేక గేజ్ వాడాలి.

కుడి, ఎడమ టైర్లలో గాలి సమానంగా లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. ఇది ప్రాణాల మీదికి రావచ్చు. ఏటీవీ ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ, తేలిగ్గా బోల్తా పడుతుంది. 1970లో హోండా అమెరికాలో అమ్మడం మొదలుపెట్టిన తొలి ఏటీవీకి మూడు చక్రాలే ఉండేవి. ప్రమాదాలు పెరగడంతో 1988లో తయారీ సంస్థలు అక్కడి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశాయి.

ఇంజిన్ పీల్చే దుమ్ము

400 సీసీ ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు దాదాపు 1,200 లీటర్ల గాలి పీలుస్తుంది. విశ్రాంతిగా కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది ఆరు నుంచి ఎనిమిది లీటర్లు. ముందు వెళ్లే బండి లేపిన దుమ్ములో ఇంత గాలి పీలిస్తే ఫిల్టర్ మీద ఎంత భారం పడుతుందో ఊహించవచ్చు.

ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. మామూలు ఉక్కును గీయగల గట్టితనం దానిది. పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య ఉండే ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే. ఆ పొరకన్నా పెద్ద రేణువు అక్కడ చేరితే గరుకు కాగితంలా రాస్తుంది. రింగులు అరుగుతాయి, కంప్రెషన్ పడిపోతుంది, ఆయిల్ కాలి సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. అప్పటికి ఖర్చు ఫిల్టర్‌తో పోదు, ఇంజిన్ విప్పాల్సిందే.

చాలా ఏటీవీల్లో స్పాంజి ఫిల్టర్ ఉంటుంది. దానికి పట్టించిన జిగట ఆయిలే దుమ్మును అంటించుకుని ఆపుతుంది. కాబట్టి పొడి స్పాంజి సగం పనే చేస్తుంది. దాన్ని సబ్బు నీళ్లతో కడిగి, మెలిపెట్టకుండా నొక్కి నీరు తీసి, నీడలో ఆరబెట్టి, మళ్లీ ఫిల్టర్ ఆయిల్ పట్టించాలి. పెట్రోలుతో కడగకూడదు. అది స్పాంజి అతుకులను పాడు చేస్తుంది, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. కాగితం ఫిల్టరైతే కడగడం కాదు, మార్చడమే.

వాగు దాటిన తర్వాత

గేర్లు ఉండే డిఫరెన్షియల్ పెట్టె నడకలో వేడెక్కుతుంది. చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి దేన్నైనా లాక్కోవాలని చూస్తుంది. దానికి గాలి అందడానికే ఎత్తులో ఒక సన్నటి బ్రీదర్ గొట్టం పెడతారు. ఆ గొట్టం బురదతో పూడిపోతే సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే నీరు చేరిందని అర్థం. వెంటనే మార్చాలి.

ఇంజిన్ నీళ్లు తాగి ఆగిపోతే మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయకూడదు. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. పిస్టన్ బలంగా పైకి వచ్చి నీటికి తగిలితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు స్పార్క్ ప్లగ్ తీసి, నీటిని బయటకు పంపి, ఎయిర్ బాక్స్ ఆరబెట్టి, ఆయిల్ చూశాకే స్టార్ట్ చేయాలి.

చాలా ఏటీవీల్లో గేర్ల బదులు రెండు పుల్లీల మీద తిరిగే రబ్బరు బెల్టు ఉంటుంది. దీన్నే సీవీటీ అంటారు. ఈ బెల్టు పట్టంతా రాపిడి మీదే ఆధారపడుతుంది. తడిస్తే జారుతుంది, జారితే వేడెక్కి కాలుతుంది. నీటిలోంచి వచ్చాక దాని పెట్టె కింద ఉండే బిరడా తీసి నీరు వదలాలి. బరువు లాగేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు 'లో' గేరు వాడాలి. రబ్బరు కాలిన వాసన వస్తే అది బెల్టు చేస్తున్న ఫిర్యాదు.

కడిగేటప్పుడూ జాగ్రత్త

బురద ఎండితే రేడియేటర్‌కు దుప్పటి కప్పినట్టవుతుంది, ఇంజిన్ వేడి బయటకు పోదు. అందుకని తిరిగొచ్చిన రోజే కడగాలి. అయితే ప్రెషర్ వాషర్ ధారను బేరింగులు, సీళ్లు, రేడియేటర్ రేకుల మీదికి దగ్గరగా కొట్టకూడదు. వాగు చేయలేని పనిని ఆ ధార చేసి, నీటిని లోపలికి తోసేస్తుంది.

ఇరుసుల చివర ఉండే రబ్బరు తొడుగులను తడిమి చూడాలి. చిరిగితే గ్రీజు బయటకు, ఇసుక లోపలికి పోతాయి. మలుపులో టిక్ టిక్ మని వినిపించే చప్పుడు చాలాసార్లు అక్కడిదే. తొడుగు చిరిగినప్పుడే మారిస్తే చిన్న ఖర్చు. చప్పుడు వచ్చేదాకా ఆగితే ఇరుసే మార్చాల్సి రావచ్చు.

బయల్దేరే ముందు టైర్లలో గాలి, ఆయిల్ మట్టం, బ్రేకులు, చక్రాల నట్లు, ఎయిర్ ఫిల్టర్ చూడటానికి పది నిమిషాలు చాలు. బండి ఊరికి దూరంగా, చీకటి పడే వేళ ఆగిపోకుండా కాపాడేది ఆ పది నిమిషాలే.